సెకండ్ హ్యాండ్ కారు: ముందు కాగితాలు, తర్వాత బండి, ఆఖర్న బేరం

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లలో చాలామంది పనులు తలకిందులుగా చేస్తారు. ఫోటో చూసి మనసు పడతారు, ఫోన్లోనే "ఫైనల్ ఎంతకిస్తారు?" అని అడుగుతారు, వెళ్లి ఒక రౌండ్ తిప్పి టోకెన్ ఇచ్చేస్తారు, అప్పుడు తీరిగ్గా ఆర్సీ చూస్తారు. అమ్మేవాడి చేతిలో డబ్బు పడ్డాక బయటపడే లోపాలు మనకు లోపాల్లా కనిపించవు. "పాత బండన్నాక ఇవన్నీ మామూలే" అని మనకు మనమే సర్దిచెప్పుకుంటాం. ఈ వరస తిప్పేయండి. కాగితాలు ఇంట్లో కూర్చునే చూడొచ్చు, పెద్ద ఖర్చు కూడా లేదు. తేడా బళ్లు చాలావరకు అక్కడే రాలిపోతాయి. మిగిలినవాటినే వెళ్లి చూడండి. ధర మాట అన్నిటికన్నా ఆఖర్న.

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ లాంటి ఊళ్లలో ఓనర్ దగ్గరో, ఆటో కన్సల్టెన్సీ దగ్గరో కొనేవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి ఫోన్

ఫోన్ చేసినప్పుడు ధర ఎత్తకండి. నాలుగే అడగండి: ఆర్సీ రెండు వైపులా ఫోటో, ఇప్పుడున్న ఇన్సూరెన్స్ పాలసీ పీడీఎఫ్, ఆఖరి సర్వీస్ బిల్లు, ఓడోమీటర్ ఫోటో. నిజంగా అమ్మాలనుకున్న ఓనర్ సాయంత్రానికల్లా వాట్సాప్ చేస్తాడు. "ముందు వచ్చి బండి చూడండి సార్, పేపర్లన్నీ క్లియర్" అని అదే పాట పాడేవాడి దగ్గరికి ఆదివారం పూట పరిగెత్తనక్కర్లేదు.

బండి ఎవరి పేరు మీద ఉందో కూడా అప్పుడే అడగండి. "మా బావగారిది", "మా ఫ్రెండ్‌ది, అమెరికా వెళ్లిపోయాడు" అంటే మీరు మాట్లాడుతున్నది మధ్యవర్తితో అని అర్థం. అది తప్పేం కాదు, కానీ సంతకం పెట్టాల్సిన మనిషి ఎక్కడున్నాడో తేలకుండా ముందుకెళ్లకండి. ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, బండి ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో ఉంది, కాస్త అడ్వాన్స్ వేస్తే పంపిస్తాను అనేవాడు మోసగాడు. ఆ కథ దేశమంతా తిరిగింది, ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆర్సీ చదవడం

నంబరుతో ఎం-పరివాహన్ యాప్‌లోనో, పరివాహన్ సైట్‌లోనో వెతికితే రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి కనిపిస్తాయి. తెలంగాణ మాత్రం చాలా ఏళ్లు కేంద్రం నడిపే వాహన్ డేటాబేస్‌లో చేరకుండా సొంత సాఫ్ట్‌వేర్ నడిపింది. కాబట్టి టీఎస్ బండి వివరాలు అక్కడ సరిగ్గా రాకపోతే దొంగ బండని కంగారు పడకండి, రాష్ట్ర రవాణా శాఖ సైట్‌లో చూడండి.

చూడాల్సినవి: తయారైన నెలా ఏడాది, రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో ఓనరు, ఫైనాన్స్ కంపెనీ పేరు. 2018 నవంబరులో తయారై 2019 మార్చిలో రిజిస్టరైన బండిని అమ్మేవాడు 2019 మోడల్ అంటాడు. మీ లెక్కలో మాత్రం అది 2018దే. రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాడు కూడా అలాగే లెక్కేస్తాడు.

ఆర్సీ మీద బ్యాంకు పేరుంటే, అప్పు తీరిపోయినా సరే, బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఫారం 35 (ఆర్సీ నుంచి బ్యాంకు పేరు తీసేయమనే ఫారం) లేకుండా బండి శుభ్రంగా మీ పేరుకు మారదు. "లోన్ ఎప్పుడో క్లియర్ సార్, ఎన్ఓసీ ఇంట్లో ఎక్కడో ఉంది" అంటే ఆ కాగితం దొరికాకే మిగతా మాటలు. దాని మీద తేదీ చూడండి, పాతదైతే కొత్తది తెప్పించమనండి. అప్పు ఇంకా ఉంటే ఓనర్‌తో కలిసి బ్యాంకుకు వెళ్లి, ఫోర్‌క్లోజర్ మొత్తం, అంటే మిగిలిన అప్పంతా, నేరుగా లోన్ ఖాతాలోనే కట్టి, మిగిలింది ఆయనకివ్వండి. ఆయన చేతికిచ్చి కట్టమనకండి.

వెహికల్ క్లాస్ అన్న గడి చాలామంది చూడరు. డిజైర్, ఎటియోస్ లాంటి బళ్లలో క్యాబ్‌గా తిరిగి, పసుపు ప్లేటు తీసేసి తెల్ల ప్లేటుకు మారినవి మార్కెట్లోకి వస్తుంటాయి. మార్చుకోవడం చట్టబద్ధమే, ఆ బండి ధర మాత్రం వేరు. పాత ఆర్సీ కాపీ అడగండి. రోడ్డు మీద ఎంత తొక్కినా 80 దాటకపోతే స్పీడ్ గవర్నర్ ఇంకా లోపలే ఉందేమో చూడండి.

ఢిల్లీ నంబరు డీజిల్ బండి తక్కువకు వస్తోందంటే కారణం ఉంది. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద 2015లో ఆంక్షలు మొదలయ్యాయి, అందుకే ఆ వయసుకు దగ్గరపడినవి దక్షిణాదికి దిగుతూ వచ్చాయి. వేరే రాష్ట్రం బండి ఏదైనా సరే, అక్కడి ఆర్టీఓ ఎన్ఓసీతో పాటు ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాల్సి రావచ్చు. విజయవాడవాళ్లు హైదరాబాద్ బండి కొన్నా అంతే. ఎంతవుతుందో మీ ఆర్టీఓ ఆఫీసులో ముందే అడిగి, ఆ మొత్తాన్ని బండి ధరకు కలిపి చూడండి. చవక ఎంత చవకో అప్పుడు తెలుస్తుంది.

చలాన్ల సంగతి రెండు నిమిషాల పని. పోలీసు ఈ-చలాన్ సైట్‌లో నంబరు కొట్టండి. డబ్బు కన్నా ఫోటోలు ముఖ్యం, బండి ఏ ఊళ్లో, ఏ రోడ్ల మీద తిరిగిందో అవే చెబుతాయి. "ఊళ్లోనే ఉంటుంది సార్, ఆఫీసుకు, ఇంటికి" అన్న బండికి మూడు జిల్లాల హైవేల మీద ఓవర్‌స్పీడ్ చలాన్లుంటే ఆ మాట పక్కన పెట్టేయండి.

ఇన్సూరెన్స్ పాలసీ: అందరూ వదిలేసే కాగితం

నా మట్టుకు నాకు బండి చరిత్ర ఎక్కువగా చెప్పే కాగితం ఇదే. చాలామంది గడువు తేదీ చూసి మడిచి ఇచ్చేస్తారు.

అందులో ఎన్‌సీబీ, అంటే నో క్లెయిమ్ బోనస్ శాతం ఉంటుంది. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50. మధ్యలో ఎప్పుడు క్లెయిమ్ చేసినా సున్నాకు పడిపోయి మళ్లీ 20 నుంచి మొదలు. ఇప్పుడు ఆరేళ్ల బండి, మొదటి ఓనరు, "ఒక్క గీత కూడా పడలేదు" అంటున్నాడు, పాలసీలో ఎన్‌సీబీ 20 అని ఉంది. అంటే ఒకటి రెండేళ్ల కిందట ఏదో జరిగింది. అది వెనక బంపర్ కావచ్చు, ముందు భాగమంతా కావచ్చు. "అన్నా, ఎన్‌సీబీ ఇరవయ్యే ఉందేంటి?" అని మామూలుగా అడిగి ఊరుకోండి. నిజం చెప్పేవాడు వెంటనే చెబుతాడు, వీలైతే బిల్లు కూడా చూపిస్తాడు. బిల్లు చూపించిన బండి చెడ్డదేం కాదు. గుర్తు లేదనేవాడి బండిని మాత్రం రెండింతలు జాగ్రత్తగా చూడాలి.

దీనికి మినహాయింపులున్నాయి. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ (యాడ్ ఆన్) ఉంటే క్లెయిమ్ చేసినా శాతం తగ్గకపోవచ్చు. అలాగే ఎన్‌సీబీ మనిషిది, బండిది కాదు. ఓనర్ ఇప్పటికే కొత్త కారు కొని దానికి వాడుకుని ఉండొచ్చు. పాలసీ మీ పేరుకు మారినప్పుడు కూడా ఆ రాయితీ మీకు రాదు, తేడా ప్రీమియం మీరే కట్టాలి.

"ఇన్సూరెన్స్ కరెంట్‌లో ఉంది" అన్న మాటకూ పూర్తి అర్థం అడగండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి కట్టేది) ఒకేసారి ఇస్తున్నారు. అది ఉండి, మన బండి దెబ్బకు కట్టే ఓన్ డ్యామేజ్ లేకపోవచ్చు. మూడు నాలుగేళ్ల బండికి ఉత్త థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే ఎందుకని అడగాల్సిందే.

ఇక ఐడీవీ, అంటే పాలసీలో రాసిన బండి విలువ. అది మార్కెట్ ధర కాదు, కానీ బండి మొత్తం పోతే ఇంతిస్తే చాలని ఓనర్ ఒప్పుకున్న అంకె. తర్వాత బేరంలో పనికొస్తుంది, గుర్తు పెట్టుకోండి.

సర్వీస్ రికార్డు, మీటరు

షోరూమ్ ట్రాక్ ఉందంటే, అంటే సర్వీసులన్నీ కంపెనీలోనే చేయించామంటే, కాగితం చూపించమనండి. ఓనర్ ఒప్పుకుంటే కంపెనీ సర్వీస్ సెంటర్లో బండి నంబరు మీద పాత విజిట్లన్నీ తీసి చూపిస్తారు. తేదీల పక్కన కిలోమీటర్లు వరసగా పెరుగుతున్నాయా చూడండి. 2021లో 58 వేలు ఉన్న బండి ఇప్పుడు 49 వేలు చూపిస్తే ఇక మాట్లాడే పని లేదు. బాడీషాప్ బిల్లులుంటే ఏ పార్టులు మార్చారో చదవండి. బంపర్, లైటు అయితే పర్వాలేదు. రేడియేటర్ సపోర్ట్, ఎయిర్‌బ్యాగ్, ఏప్రాన్ (బానెట్ కింద చక్రాల పైనుండే లోపలి రేకు) అని ఉంటే అది పెద్ద దెబ్బ. ఆ బండి వదిలేయండి.

సర్వీస్ బయట చేయించిన బళ్లకు ఈ ఆధారం ఉండదు. అప్పుడు టైర్లు చూడాలి. టైరు పక్కన చిన్న అండాకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. బండి 2019ది, రీడింగ్ 35 వేలు, టైర్లు మాత్రం 2022వి అనుకోండి. మూడేళ్లలో నాలుగు టైర్లూ అరగ్గొట్టిన బండి 35 వేల దగ్గర ఎలా ఆగింది? క్లచ్, బ్రేక్ పెడల్ రబ్బర్ల మీద గీతలు చెరిగి నున్నగా అయ్యాయా, స్టీరింగ్ తోలు మెరుస్తోందా, డ్రైవర్ సీటు కుడి అంచు కుంగిందా చూడండి. మీటరు తిప్పడం తేలిక, ఇవన్నీ మార్చడం ఖర్చు.

బండి దగ్గర

ఉదయం పూట, ఎండలో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తానని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఎందుకు స్టార్ట్ చేశారని అడగండి. మీకు తెలిసిన మెకానిక్‌ను, ఆయన కూలీ మీరే ఇచ్చి, తీసుకెళ్లండి. కన్సల్టెన్సీవాళ్లు చూపించిన మెకానిక్ వద్దు. పిల్లల్ని కూడా ఆ రోజుకు ఇంట్లోనే ఉంచడం మేలు. "డాడీ, ఈ కలరే కావాలి" అని ఒక్కసారి అన్నారంటే మీ బేరం అయిపోయినట్టే.

యాక్సిడెంట్ ఆనవాళ్లు పెయింట్‌లో కన్నా బోల్టుల్లో దొరుకుతాయి. బానెట్, ముందు ఫెండర్లు, తలుపుల కీలు బోల్టుల మీద కంపెనీ పెయింట్ చెదరకుండా ఉండాలి. స్పానర్ పడిన గీతలుంటే ఆ భాగం ఊడదీశారు. తలుపు రబ్బరు కాస్త లాగి పిల్లర్ మీద స్పాట్ వెల్డింగ్ చుక్కలు సమంగా ఉన్నాయో లేదో చూడండి. అద్దాల మీద తయారీ కోడ్ ఉంటుంది, ఒక్కటి మాత్రం వేరుగా ఉంటే అది మారినట్టే. డోర్ మీద టచప్ చేయించిన బండి గురించి గొడవ పడకండి, మన సిటీ ట్రాఫిక్‌లో గీత పడని బండి ఉండదు.

వరద బండి సంగతి వేరు. ఇక్కడ ఎంత టైమ్ పట్టినా పెట్టండి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, 2015లోనూ 2023లోనూ చెన్నై మునిగాయి. నీళ్లలో నిలిచిన కార్లన్నీ తుక్కుకు వెళ్లలేదు. ఇన్సూరెన్స్ కంపెనీలు టోటల్ లాస్ (బాగు చేయడం దండగ) అని తేల్చినవి సాల్వేజ్ కింద, అంటే ఉన్నదున్నట్టుగా, అమ్ముడుపోతాయి, కడిగి ఆరబెట్టినవి మళ్లీ మార్కెట్లోకి వస్తాయి. సెంటు వాసన మరీ గుప్పుమంటే అనుమానించండి. సీటు బెల్టు చివరిదాకా లాగండి. పైభాగం శుభ్రంగా ఉన్నా, ఎప్పుడూ బయటికి రాని ఆ ఆఖరి మూర మీద బురద మరక గీతలా ఉండిపోతుంది. కొత్త బెల్టు వేశారంటే అదీ ఒక సమాధానమే. తర్వాత ముందు సీటు వెనక్కి జరిపి పట్టాల మీద తుప్పు, స్టెప్నీ తీసి దాని గుంతలో ఒండ్రు, డాష్‌బోర్డ్ కింద టార్చ్ వేసి స్క్రూలు, వైర్ల కనెక్టర్ల మీద తెల్లటి లేదా పచ్చటి పొడి చూడండి. వీటిలో రెండు కనిపిస్తే ఎంత తగ్గించినా ఆ బండి వద్దు. ఇంజిన్ బాగు చేయొచ్చు కానీ వైరింగ్ తడిసిన కారు ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో ఏ మెకానిక్కూ చెప్పలేడు.

ఇంజిన్ విషయం మెకానిక్ చూసుకుంటాడు, మీరు రెండు గమనించండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి వెనక నిలబడండి. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది. తెల్ల పొగ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ క్యాప్ వదులు చేయిస్తే పొగ బుసబుసా కొడితే దాన్నే మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు. అది ఇంజిన్ పనికి దారి. మెకానిక్ దగ్గర ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే పరికరం) ఉంటే పెట్టించండి, వార్నింగ్ లైటు ఆర్పేసినా లోపాల కోడ్లు లోపల దొరకొచ్చు.

బేరం

అంకెలు లేకుండా బేరానికి కూర్చోవద్దు. అదే మోడల్, అదే వేరియంట్, అదే ఏడాది బళ్ల ప్రకటనలు ఓ పది చూడండి, కానీ అవి అడిగే ధరలు, అమ్ముడైన ధరలు కావు. అసలు అంకె ఇంకోటుంది. కార్స్24, స్పిన్నీ లాంటి పాత కార్లు కొని అమ్మే కంపెనీల సైట్లలో బండి అమ్మేవాళ్ల పేజీకి వెళ్లి, ఆ మోడల్, ఏడాది, కిలోమీటర్లు ఇచ్చి వాళ్లు ఎంతకు కొంటారో చూడండి. మీరు కాదంటే ఓనర్ చేతికి దాదాపు అంతే వస్తుంది, బండి చూశాక వాళ్లు ఇంకా తగ్గించొచ్చు కూడా. మీ ధర ఆ అంకెకూ ప్రకటన ధరకూ మధ్యలో ఎక్కడో తెగుతుంది.

ఉదాహరణకు 2018 పెట్రోల్ స్విఫ్ట్, ఓనర్ అడిగేది 5 లక్షల 25 వేలు, కంపెనీ కొటేషన్ 4 లక్షల 35 వేలు అనుకుందాం. మీరు చూసినప్పుడు నాలుగు టైర్లూ 2018వే, క్లచ్ బరువుగా ఉంది, ఇన్సూరెన్స్ వచ్చే నెల అయిపోతుంది. టైర్లకు 20 వేలు, క్లచ్‌కు 10, ఇన్సూరెన్స్‌కు 12, మొత్తం 42 వేలు. ఇవి కాగితం మీద రాసుకుని చూపిస్తూ మాట్లాడండి.

"అన్నా, బండి బాగా చూసుకున్నారు, పేపర్లు క్లియర్. నాకు నచ్చింది. ఇదిగో, తీసుకున్న వారంలోనే నేను పెట్టాల్సింది ఇంత. నాలుగు అరవై ఐదుకు ఇచ్చేయండి."

"నాలుగు అరవై ఐదా! షోరూమ్‌వాడే అంతకన్నా ఎక్కువ ఇస్తానన్నాడు తమ్ముడూ. ఇన్సూరెన్స్ అంటావా, ఎవరి బండికి వాళ్లు కట్టుకోవాల్సిందే కదా."

ఆయన మాటలోనూ న్యాయం ఉంది, ఒప్పుకోండి. "సరే అన్నా, ఇన్సూరెన్స్ నాది. టైర్లు, క్లచ్ మీవి." ఒకటి వదిలితే మిగతా రెండింటి మీద ఆయన గట్టిగా కాదనలేడు. షోరూమ్‌వాడి ఆఫర్ సంగతి తవ్వకండి. నిజంగా అంతకన్నా ఎక్కువ వచ్చి ఉంటే బండి ఇంకా ఆయన గుమ్మంలో ఉండేది కాదు. నాలుగు ఎనభై దగ్గర తెగితే మంచి బేరమే. తెగకపోతే "ఇంట్లో మాట్లాడి చెబుతాను" అని ఫోన్ నంబరు ఇచ్చి వచ్చేయండి. నెలాఖరులో, లేదా ఓనర్ కొత్త కారు డెలివరీ దగ్గరపడ్డప్పుడు, ఆయనే ఫోన్ చేసే అవకాశం బాగా ఉంటుంది.

చేయకూడనివి కూడా ఉన్నాయి. బండిని తిట్టకండి. ఏడేళ్లు వాడుకున్నవాడికి బండి మీద మమకారం ఉంటుంది, తిడితే ధర తగ్గదు, పట్టుదల పెరుగుతుంది. యాక్సిడెంట్‌నో వరదనో బేరానికి వాడకండి. అవి తగ్గింపు అడిగే లోపాలు కావు, లేచి వచ్చేయాల్సిన లోపాలు. కన్సల్టెన్సీ అయితే కమీషన్, ట్రాన్స్‌ఫర్ ఖర్చులు కలిపి ఒకే అంకె అడగండి, లేకపోతే ధర కుదిరాక "ఆర్టీఓ ఖర్చు వేరే సార్" అంటారు. 2023 ఏప్రిల్ నుంచి పాత బళ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలన్న నిబంధన ఉంది, ఆ సర్టిఫికెట్ ఉందా అని అడగండి.

డబ్బు, సంతకాలు

టోకెన్ ఐదో పదో వేలు చాలు. యూపీఐలో పంపేముందు కనిపించే పేరూ ఆర్సీలో పేరూ ఒకటేనా చూడండి. ఎంతకు కుదిరింది, ఎప్పటిలోగా మిగతాది ఇస్తారు, ఫైనాన్స్ గానీ కేసు గానీ బయటపడితే టోకెన్ వెనక్కి ఇస్తానని వాట్సాప్‌లో రాయించుకోండి. మిగతాది బ్యాంకు ద్వారానే. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, పెనాల్టీ పడేది తీసుకున్నవాడికి. "సగం క్యాష్ ఇవ్వండి" అన్న ఓనర్‌కు ఆ మాట నెమ్మదిగా చెప్పండి.

బండి తీసుకునేటప్పుడు ఫారం 29, 30 (పేరు మార్పు ఫారాలు) మీద సంతకాలు, ఆధార్ కాపీ, అసలు ఆర్సీ, పాలసీ, ఫైనాన్స్ ఉండి ఉంటే ఎన్ఓసీ, ఫారం 35, రెండో తాళం చెవి. ఓనర్ చనిపోయి వారసులు అమ్ముతుంటే దారి వేరు, ముందు ఫారం 31తో బండి వాళ్ల పేరుకు మారాలి. డెలివరీ నోట్ రెండు కాపీలు రాసి తేదీతో పాటు గంట, నిమిషం కూడా వేయండి. బండి సాయంత్రం 6:40కి తీసుకుంటే, అప్పటిదాకా పడిన చలాన్ ఆయనది, ఆ తర్వాతది మీది.

పేరు మార్పుకు కొన్నవాడికి చట్టంలో 30 రోజుల గడువుంది. ఇన్సూరెన్స్ మార్చమని అడగడానికి 14 రోజులే, దీన్నే ఎక్కువమంది మర్చిపోతారు. థర్డ్ పార్టీ కవర్ బండితో పాటే మీకు వస్తుంది, కానీ పాలసీ మీ పేరుకు మారకుండా బండికి దెబ్బ తగిలితే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ మీకు రాదని 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి బండి ఇంటికి తెచ్చిన మర్నాడే ఫారాల కాపీలతో ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి. అదే రోజు ఓనర్‌కు ఫోన్ చేసి పాత ఫాస్టాగ్ క్లోజ్ చేయించమనండి, ఆయన క్లోజ్ చేస్తేనే మీ పేరు మీద కొత్తది తీసుకోగలరు.